విశాఖ పాములకు తెలుగు పేర్లే ఉంచిన డాక్టరు

రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారని మన పిల్లల్లో చాలామందికి తెలుసు. పాముల బొమ్మల పుస్తకం ఏది తిరగేసినా అది కనిపిస్తుంది. కానీ ఆ రస్సెల్ ఎవరు, ఆయన పేరు మన పొలాల్లో తిరిగే పాముకు ఎలా వచ్చింది అని అడిగితే పెద్దవాళ్లమే తడుముకుంటాం. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. స్కాట్లాండ్ మనిషి, వృత్తికి వైద్యుడు. 1780లలో సుమారు ఏడేళ్లు విశాఖపట్నంలో ఉన్నారు. అక్కడి పాములను, చేపలను ఒక్కొక్కటిగా చూసి, కొలిచి, బొమ్మలు వేయించి, వాటిని మనవాళ్లు ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నారు. ఆ రాసుకున్న మాటల్లో కొన్ని ఇప్పటికీ ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామాల్లో ఉన్నాయి. మలేషియాలో ఉన్నా మారిషస్‌లో ఉన్నా మన భాష మనకు తెలియకుండానే ల్యాబుల్లో, మ్యూజియాల్లో మనకు ఎదురవుతోందన్నమాట.

రస్సెల్ ఎడిన్‌బరోలో లాయరు గారింట పుట్టారు. ఇల్లంతా మగపిల్లలు. తండ్రి వేరే సంసారంలో పుట్టిన అన్న అలెగ్జాండర్ అప్పటికే సిరియాలోని అలెప్పోలో డాక్టరుగా స్థిరపడ్డాడు. అక్కడ వ్యాపారం చేసే ఇంగ్లీషు వర్తకుల సంఘం లెవాంట్ కంపెనీకి ఆయనే వైద్యుడు. తమ్ముడు కూడా చదువు ముగించుకుని 1750లో అలెప్పో చేరాడు. మనలో చాలామంది అమెరికా ప్రయాణం కూడా ఇలాగే మొదలైంది కదా: ముందు అన్న, తర్వాత తమ్ముడు. మూడేళ్లకు అన్న లండన్ వెళ్లిపోయి, అలెప్పో ప్రకృతి గురించి ఒక గొప్ప పుస్తకం వేశాడు. తమ్ముడు మాత్రం ఆ ఊళ్లోనే సుమారు ఇరవై ఏళ్లు ఉండిపోయారు. అరబిక్ నేర్చుకున్నారు. ధనికుల ఇళ్లకూ పేదల ఇళ్లకూ వైద్యానికి వెళ్లేవారు.

అలెప్పోలో జరిగిన ఒక సంగతి ఈ మనిషి స్వభావాన్ని బాగా చెబుతుంది. ఒకసారి ఆయన ఒక తురుష్క కుటుంబం అంతఃపురానికి వైద్యానికి వెళ్లారు. మశూచికి టీకా వేయడం గురించి మాట వచ్చింది. యూరప్‌లో అది అప్పటికింకా తగవులాడుకునే విషయం. అక్కడే కూర్చున్న ఒక బెడూయిన్ ముసలమ్మ, తమ ఎడారి తెగల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పనేనని, తాను స్వయంగా ఎంతోమందికి చేశానని చెప్పింది. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. రస్సెల్ ఆ మాట పట్టుకుని ఊరూరా వచ్చే వర్తకులను, సంచార జనాన్ని వాకబు చేశారు. వాళ్ల దగ్గర దీనికి మశూచిని కొనుక్కోవడం అనే పేరుందని, పిల్లవాడు రోగమున్న ఇంటికి కొన్ని ఎండుద్రాక్షలో ఖర్జూరాలో పట్టుకెళ్లి ఇచ్చి మశూచి పొక్కులోని రసం తెచ్చుకుంటాడని తెలిసింది. ఆ వివరమంతా లండన్‌లోని అన్నకు ఉత్తరంగా రాస్తే, 1768లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. జన్నర్ పేరు వినపడడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది.

1760 నుంచి 1762 దాకా అలెప్పోను ప్లేగు చుట్టుముట్టింది. రస్సెల్ ఊరు వదిలిపోలేదు. రోగులను చూస్తూ, ఏ వాడలో ఎప్పుడు మొదలైంది, ఎలా పాకింది అని లెక్కలు రాసుకుంటూ ఉన్నారు. ఆ కాగితాలు ముప్పై ఏళ్ల తర్వాత ప్లేగుపై పెద్ద గ్రంథంగా వచ్చాయి. ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి. ముందు చూడడం, వెంటనే రాసుకోవడం, తొందరపడకుండా అచ్చువేయడం. విశాఖలోనూ ఆయన ఇదే చేశారు.

1771లో అలెప్పో వదిలి, దారిలో యూరప్ ఆసుపత్రులు చూసుకుంటూ లండన్ చేరి అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్నారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. యాభై దాటిన బ్రహ్మచారి, పేరున్న డాక్టరు. ఇక కదలక్కర్లేదు. కానీ ఈస్టిండియా కంపెనీలో ఉన్న తమ్ముడు క్లాడ్‌కు విశాఖపట్నం పాలన అప్పగించడంతో, ఆ కుటుంబానికి తోడుగా 1781లో ఆయన కూడా ఓడ ఎక్కారు.

అప్పటి విశాఖ ఇప్పటి విశాఖ కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలో కంపెనీ కోట, గిడ్డంగులు, కొద్దిమంది దొరల ఇళ్లు, చుట్టూ మత్స్యకారుల పల్లెలు, నేతగాళ్ల ఊళ్లు. కంపెనీకి అక్కడ పని బట్టల ఎగుమతి. రస్సెల్ రావడానికి ముందు ఏడాదే, అంటే 1780 అక్టోబరులో, మద్రాసు వైపు యుద్ధానికి ఓడెక్కమంటే ఎక్కం పొమ్మని సిపాయిలు తిరగబడిన ఊరు అది. అలాంటి చోట ఉద్యోగం సద్యోగం లేకుండా వచ్చి దిగిన డాక్టరుకు కావలసినంత తీరిక దొరికింది. ఊరి చుట్టూ కొండలు, ముందు సముద్రం. మొక్కలు, చేపలు, పాములు పోగుచేయడం మొదలుపెట్టారు.

అది ఉద్యోగంగా మారడానికి ఒక చావు కారణమైంది. కోనిగ్ అనే వైద్యుడు, వర్గీకరణ శాస్త్రానికి ఆదిపురుషుడైన లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు, తరంగంబాడిలో డేనిష్ వాళ్ల మధ్య ఉంటూ కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసేవాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో జబ్బుచేసి పోయాడు. ఆ ఖాళీలో కంపెనీ రస్సెల్‌ను నియమించింది. కంపెనీకి కావలసింది లాభం: రంగులిచ్చే మొక్క ఏది, కలపకు పనికొచ్చే చెట్టేది, మందుకు పనికొచ్చే వేరేది. రస్సెల్ ఆ పనీ చేశారు. తీరం పొడవునా పనిచేసే కంపెనీ డాక్టర్లు ఎవరికి వారు చూసిన మొక్కల వివరాలు పంపితే, వాటిని కూర్చి కంపెనీ ఖర్చుతో అచ్చువేయాలని మద్రాసు ప్రభుత్వానికి సూచించారు. సామర్లకోటలో తోట పెట్టిన రాక్స్‌బర్గ్ తర్వాత కోరమండల్ తీరపు మొక్కలపై వేసిన సంపుటాలకు బీజం అక్కడే పడింది. 1795లో మొదలైన ఆ పుస్తకానికి ముందుమాట రాసింది రస్సెలే. రాక్స్‌బర్గ్ కూడా మొక్క పక్కన తెలుగు పేరు రాసేవాడు. మన సోమిద చెట్టు పేరు అలాగే సోయ్‌మిడా అనే శాస్త్రీయ నామంగా మారింది. రాక్స్‌బర్గ్ సంగతి చెప్పాలంటే విడిగా ఇంకో వ్యాసం కావాలి.

పాముల దగ్గరికి వద్దాం. రస్సెల్ అసలు కథ అదే.

ఆయన వచ్చేనాటికి ఇక్కడి తెల్లవాళ్లకు ప్రతి పామూ మృత్యువే. మనవాళ్లూ కొంతవరకు అంతే. కనిపించిందల్లా కొట్టి చంపడం, కరిస్తే వేరు, మంత్రం, గుళిక, ఏది దొరికితే అది. విషమున్న పాములు ఏవి, లేనివి ఏవి అని తేల్చి చెప్పే పుస్తకం వాళ్ల చేతిలో లేదు. కరిచిన పాము విషం లేనిదైతే రోగి ఎలాగూ బతుకుతాడు, పేరు మందుకు వస్తుంది. విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. అప్పుడూ పేరు మందుకే. వైద్యుడిగా రస్సెల్‌కు ఇది నచ్చలేదు. ముందు పామేదో తెలియాలి, తర్వాతే మందు పనిచేసిందో లేదో చెప్పగలం.

ఆయన పద్ధతి తెలిస్తే మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ముచ్చటేస్తుంది. పాములు పట్టేవాళ్లు తెచ్చిన ప్రతి పాముకూ ఒకే రకమైన పట్టిక. పొడవెంత, చుట్టుకొలతెంత, కడుపు కింద అడ్డంగా ఉండే పెద్ద పొలుసులు ఎన్ని, తోక కింద ఎన్ని, రంగేమిటి, మచ్చలెలా ఉన్నాయి. ముఖ్యంగా నోరు తెరిచి, పై దవడ ముందు భాగంలో విషపు కోరలున్నాయా, వాటి వెనుక విషపు తిత్తి ఉందా అని చూసేవారు. రంగును నమ్మితే మోసపోతాం, కోరను నమ్మాలి అన్నది ఆయన తేల్చుకున్న విషయం. నాగుపాముల్లో పాములవాళ్లు పడగ మీది గుర్తును, ఒంటి రంగును బట్టి నల్లనాగు, శంఖునాగు, జొన్ననాగు అంటూ ఎన్నో రకాలు చెప్పేవారు. ఆయన ఆ పేర్లన్నీ రాసుకున్నారు, తర్వాత పొలుసులూ కోరలూ పోల్చి చూసి అవన్నీ ఒకే జాతి అని నిర్ధారించారు. చెప్పిన మాటను కొట్టిపారేయకుండా రాసుకోవడం ఒక పని, అది నిజమో కాదో పరీక్షించడం ఇంకో పని. రెండూ చేశారు.

విషం సంగతి తేల్చడానికి చేసిన ప్రయోగాలు మాత్రం ఈ రోజు చదవడం కష్టం. కోళ్లను, కుక్కలను కాటు వేయించి, ఎన్ని నిమిషాలకు తూలింది, ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు ప్రాణం పోయింది అని గడియారం పట్టుకుని రాసిన పేజీలు అవి. అప్పట్లో దొరల్లోనూ మనవాళ్లలోనూ గొప్ప పేరున్న తంజావూరు మాత్రను కూడా పరీక్షకు పెట్టారు. పాషాణం కలిసిన మందు అది. దానికున్న పేరు ప్రతిష్ఠకు తగిన రుజువు ఆ ప్రయోగాల్లో దొరకలేదు. అసలైన విరుగుడు సీరం పుట్టడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఇలా చూసిన పాముల్లో ఒకటి ఆయన్ని ప్రత్యేకంగా ఆకట్టుకుంది. మందమైన ఒళ్లు, త్రికోణం తల, వీపు మీద మూడు వరుసల్లో గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు. విశాఖ వైపు దాన్ని ఏమంటారని అడిగితే వచ్చిన జవాబు కాటుక రేకుల పొడ. కాటుకతో అంచు దిద్దిన పూరేకుల్లాంటి మచ్చలున్న పాము. ఇంతకంటే కచ్చితమైన వర్ణన ఏ శాస్త్రవేత్తా రాయలేడని నా అభిప్రాయం. ఆ పేరు విన్నవాడు మళ్లీ ఆ పామును ఇంకొకటనుకోడు. దాని విషం నాగుపాము విషానికి ఏమాత్రం తీసిపోదని రస్సెల్ ప్రయోగాల్లో తేలింది.

ఇక్కడే ఒక విచిత్రం. రస్సెల్‌కు లాటిన్ రాకపోలేదు, లిన్నేయస్ పద్ధతి తెలియకపోలేదు. అయినా తన పాముల్లో చాలావాటికి రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టలేదు. 1796లో కంపెనీ ఖర్చుతో లండన్‌లో పెద్ద సైజు రంగుల బొమ్మలతో పుస్తకం వచ్చినప్పుడు, పేజీల్లో కనిపించినవి తెలుగు పేర్లే. కాటుక రేకుల పొడ. పెద్దపొడ, అంటే మన కొండచిలువ. జెర్రిపోతు. పసిరిక పాము. రెండు తలల పాము. బంగారు పాము. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, వినపడినట్టు రాసినవే. కొన్ని తమిళ పేర్లు కూడా ఉన్నాయి, దక్షిణాదిన దొరికిన పాములకు.

లాటిన్ పేర్లు పెట్టే పని యూరప్‌లో కూర్చున్నవాళ్లు చేశారు. ఆ పాములను ప్రాణాలతో ఎన్నడూ చూడనివాళ్లు రస్సెల్ బొమ్మలు, లెక్కలు ముందు పెట్టుకుని నామకరణాలు కానిచ్చారు. మరుసటి ఏడాదే, 1797లో, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జార్జ్ షా కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరే పెట్టారు. ఇప్పటి దాని పూర్తి పేరు డబోయా రస్సెలీ. 1801లో జర్మనీ నుంచి ష్నైడర్, రస్సెల్ బొమ్మల ఆధారంగానే కట్లపాముకు, ఇసుక పొడకు పేర్లు పెట్టాడు. 1803లో ఫ్రాన్స్‌లో డోదాన్ అనే శాస్త్రవేత్త కట్లపాముల కుటుంబం మొత్తానికి ఒక ప్రజాతి పేరు కావాలనుకుని రస్సెల్ పుస్తకం తిరగేశాడు. పసుపు, నలుపు పట్టెలున్న పాము బొమ్మ పక్కన బంగారు పాము అని ఉంది. అంతే, బంగారస్ అయింది.

మన బంగారం అక్కడితో ఆగలేదు. 1963లో తైవాన్ శాస్త్రవేత్తలు ఛాంగ్, లీ తమ దేశపు కట్లపాము విషం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. పాము ప్రజాతి పేరు బంగారస్ కాబట్టి దానికి ఆల్ఫా బంగారోటాక్సిన్ అని పేరుపెట్టారు. నరం చెప్పిన మాట కండరానికి చేరే ద్వారానికి అది గట్టిగా అతుక్కుపోతుంది. ఆ గుణాన్ని వాడుకునే ఆ ద్వారాన్ని, అంటే అసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ను, శాస్త్రవేత్తలు మొదటిసారి వేరుచేసి చూడగలిగారు. మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు అర్థం కావడానికి దారి తెరిచింది కూడా అదే. మన పిల్లల్లో ఎవరైనా న్యూరోసైన్స్ చదువుతుంటే ఈ పదం వాళ్లకు తప్పకుండా తగులుతుంది. అది విశాఖ వైపు ఎవరో పాములు పట్టే మనిషి నోటి నుంచి వచ్చిన తెలుగు మాట అని చెప్పి చూడండి, వాళ్ల ముఖం చూడాలి.

చేపల కథ దీనికంటే రుచికరం. రస్సెల్ విశాఖ రేవులో వలల నుంచి వచ్చిన చేపలకు ఒక స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు వేయించారు. వాటిలో 200 చేపలను ఎంచి 1803లో రెండు సంపుటాలుగా అచ్చువేశారు. ఆ పుస్తకం పేరులోనే విశాఖపట్నం ఉంది. పేజీలు తిప్పుతుంటే వారాంతంలో ఏషియన్ స్టోర్‌లో చేపల కౌంటర్ ముందు నిలబడినట్టే ఉంటుంది, పేర్లు మాత్రం మనవి. తెల్ల చందువ, నల్ల చందువ, వంజరం, కోనాం, మాగ, సొరల్లో నాలుగైదు రకాలు, టేకు చేపల్లో ఇంకెన్నో. సావళ అని రాసిన రిబ్బన్ చేపను ఫ్రాన్స్‌లో క్యువియే చూసి 1829లో సవాలా అని శాస్త్రీయ నామం చేశాడు. అది ఈనాటికీ నిలిచి ఉంది.

పులస మాత్రం మనకు దక్కలేదు. రస్సెల్ పుస్తకంలో అది పలసా అనే పేరుతో ఉంది. క్యువియే దాన్నీ 1829లో లాటిన్ పేరుగా మార్చాడు. కానీ అప్పటికే, 1822లో, బెంగాల్లో పనిచేసిన హామిల్టన్ అదే చేపకు అక్కడి వాడుక మాట పట్టుకుని ఇలీషా అని పేరు పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది శాస్త్ర నియమం. ఏడేళ్ల తేడాతో బెంగాలీలు గెలిచారు. 1803లోనే రస్సెల్ గారు తన అలవాటు పక్కనపెట్టి ఒక్క లాటిన్ మాట తగిలించి ఉంటే, ఇప్పుడు ప్రపంచమంతా పులస అనేది. గోదావరి జిల్లాల వాళ్లు ఈ అన్యాయాన్ని క్షమిస్తారో లేదో వాళ్లనే అడగాలి.

నాకు ఈ పుస్తకాల్లో బాధ కలిగించేది వేరే ఉంది. పేర్లన్నీ ఉన్నాయి, పేర్లు చెప్పినవాళ్ల పేర్లు లేవు. ఆ చేపల బొమ్మలు వేసిన చిత్రకారుడు ఎవరు? పాములు పట్టి తెచ్చినవాళ్లు, తెల్లవారుజామున వల దులిపి ఇది ఫలానా అని చెప్పిన పల్లె మనుషులు, మధ్యలో తెలుగు మాటను ఇంగ్లీషులోకి దాటించిన దుబాసీ ఎవరు? షా పేరు, ష్నైడర్ పేరు, క్యువియే పేరు శాస్త్రీయ నామాల వెనుక తోకల్లా ఇప్పటికీ నడుస్తున్నాయి. పామును చేత్తో పట్టుకున్నవాడి పేరుకు మాత్రం చోటు లేదు. రస్సెల్ తన కాలానికి మంచి మనిషే, స్థానిక చిత్రకారుడి చేత వేయించానని చెప్పుకున్నారు కూడా. అయినా ఆయన కంపెనీ మనిషి. కంపెనీ లెక్కల్లో అలాంటివాళ్లు కూలీలు.

రెండో నష్టం అక్షరాలది. తెలుగు లిపిలో ఒక్క మాట పక్కన రాసుకుని ఉంటే ఎంత బాగుండేది! మన ఫైళ్లలో ఎన్‌కోడింగ్ పాడైతే అక్షరాలు ప్రశ్న గుర్తులైపోయినట్టు, ఆ పేర్లలో కొన్ని ఇంగ్లీషు స్పెల్లింగుల్లో పడి రూపం మారిపోయాయి. కాటుక రేకులు, జెర్రిపోతు దాటి వచ్చాయి. గెడి పరగుడు అన్నట్టుగా రాసిన కట్లపాము పేరు లాంటివి చదివితే పెద్దవాళ్లు కూడా ఆలోచనలో పడతారు.

1789లో రస్సెల్ తమ్ముడి కుటుంబంతో కలిసి తిరుగు ప్రయాణం కట్టారు. అప్పటికి ఆయనకు అరవై దాటింది. ఉద్యోగం రాక్స్‌బర్గ్‌కు వెళ్లింది. మామూలుగా ఇండియా నుంచి డబ్బు మూటతో తిరిగొచ్చిన దొరలు ఎస్టేట్లు కొనుక్కుని విశ్రాంతి తీసుకునేవారు. రస్సెల్ బల్ల ముందు కూర్చున్నారు. 1791లో ప్లేగు గ్రంథం. 1794లో అన్న రాసిన అలెప్పో పుస్తకాన్ని రెండింతలు పెంచి కొత్త ముద్రణ. 1796లో పాములు. 1803లో చేపలు. నడుమ పాముల రెండో సంపుటం భాగాలు. నాలుగు పదుల ఏళ్లు పోగుచేసిన నోట్సును పదిహేనేళ్లలో దించుకున్నారు. 1805 జులై 2న లండన్‌లో, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో పోయారు. పెళ్లి చేసుకోలేదు. పాముల చివరి భాగాలు ఆయన పోయాక 1809 నాటికి గానీ పూర్తి కాలేదు.

ఇదంతా పాత ముచ్చట అనుకోవడానికి లేదు. ఇండియాలో పాముకాటుకు వాడే విరుగుడు సీరం నాలుగు పాముల విషాలతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పొడ. నాలుగూ రస్సెల్ పుస్తకంలో ఉన్నవే. చివరి మూడింటికి శాస్త్రీయ నామాలు వచ్చింది కూడా ఆ బొమ్మల నుంచే. 2020లో వచ్చిన ఒక అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని, అంటే ఏటా సగటున 58,000 మంది అని అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెల్లో, పొలం పనుల్లో, వానాకాలంలో. ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నవాళ్లు ఫోన్లో ఒక్క మాట చెప్పండి: కాటు పడితే పామును వెతికి పట్టుకోవడం కోసం ఆగొద్దు, కట్లు బిగించొద్దు, కోయొద్దు, సీరం ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. రాత్రిపూట టార్చి, కాళ్లకు బూట్లు. రస్సెల్ కాలంలో లేనిది ఇప్పుడుంది, అది అందేలోపే ప్రాణాలు పోతున్నాయి.

రస్సెల్ తిరిగిన ఊరు ఇప్పుడు మహానగరం. కంబాలకొండ అంచుల్లోని కాలనీల్లో వానలు పడితే ఇళ్లలోకి పాములు వస్తాయి, స్నేక్ క్యాచర్లకు ఫోన్లు మోగుతాయి. వచ్చినవాటిలో జెర్రిపోతు, నీరుకట్టె లాంటి విషం లేనివి చాలానే ఉంటాయి. ఏది ఏదో తెలిస్తే కర్ర ఎత్తాల్సిన పని లేదు. రస్సెల్ మొదలుపెట్టిన పని అదే.

ఇక్కడ మన ఊళ్లలో ఏటా వసంతంలో సిటీ నేచర్ ఛాలెంజ్ జరుగుతుంది. 2016లో లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య పోటీగా మొదలై ఇప్పుడు ఎన్నో దేశాలకు పాకింది. నాలుగు రోజులు పిల్లలూ పెద్దలూ పార్కుల్లో, పెరళ్లలో, పేవ్‌మెంట్ పగుళ్లలో కనిపించిన ప్రతి మొక్కనూ పురుగునూ ఫొటో తీసి ఐనాచురలిస్ట్‌లో పెడతారు. నేను కూడా మా పిల్లలతో వెళ్తుంటాను. ఆ యాప్‌లో ఒక జీవికి ఎన్ని భాషల్లోనైనా పేర్లు చేర్చవచ్చు. ఇండియా జీవుల దగ్గర హిందీ, తమిళం, మలయాళం పేర్లు కనిపించే చోట తెలుగు లేనివి చాలా తగులుతాయి. మనకు పేర్లు లేక కాదు. అవి మన అమ్మమ్మల దగ్గర, పల్లెకారుల దగ్గర, కొండల మీది గిరిజనుల దగ్గర ఉన్నాయి. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు రేవుకో చేపల మార్కెట్‌కో పిల్లల్ని తీసుకెళ్లి, ఒక్కో చేప పేరూ అడిగి తెలుగులోనే రాయించండి. చెప్పినవాళ్ల పేరు కూడా, వాళ్లు సరేనంటే, పక్కన రాసుకోండి.

చివరగా ఒక చేప సంగతి. రస్సెల్ విశాఖలో చూసిన టేకు జాతి చేపల్లో తల ముందు రెండు కొమ్ముల్లాంటి రెక్కలున్నది ఒకటి ఉంది. దాని పేరును ఆయన ఎరెగూడీ టెంకీ అన్నట్టుగా రాసుకున్నారు. టెంకీ అంటే టేకు. 1849లో కాంటర్ అనే శాస్త్రవేత్త దానికి ఎరెగూడూ అని శాస్త్రీయ నామం ఇచ్చాడు, తర్వాత ఇంకొకాయన టెంకీతో సహా మొత్తం మాటనే పేరుగా వాడాడు. 2018లో కొందరు పరిశోధకులు అది వేరే జాతి కాదని, ఇంకో టేకు చేపతో కలిపేయాలని రాశారు. తెలుగు పేరు జాబితాల్లోంచి మాయమైంది. 2020లో ఇంకొక బృందం దంతాలు, కొమ్ముల పొడవు, శరీర నిర్మాణం అన్నీ మళ్లీ పోల్చి చూసి, అది విడి జాతేనని తేల్చింది. పేరు తిరిగొచ్చింది: మొబులా ఎరెగూడూ. ఎర్రసముద్రం, గల్ఫ్ నుంచి దక్షిణాఫ్రికా తీరం దాకా, ఇటు ఆస్ట్రేలియా దాకా తిరిగే చేప అది. వలల్లో చిక్కి సంఖ్య తగ్గిపోతున్నందున ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికలో ఆ తెలుగు మాటతోనే ఉంది.